అయానిక్ ద్రవంలో కదలని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ కోసం పది నెలలు: నా అనుభవం

2023 ఏప్రిల్ 18వ తేదీ మధ్యాహ్నం, నెల్లూరు ఎండకు ల్యాబులోని ఫ్యాను కూడా వేడిగాలి విసురుతున్న వేళ, మేము ఒక పత్రికకు పంపిన పరిశోధన వ్యాసం మీద సమీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. మొదటి సమీక్షకులు నాలుగు అక్షరదోషాలు చూపించి ఊరుకున్నారు. రెండవవారు ఒకే ప్రశ్న అడిగారు. ఒకే పదార్థం ఆక్సీకరణ పొటెన్షియల్ (అది ఎలక్ట్రాన్‌ను కోల్పోయే వోల్టేజి) రెండు అయానిక్ ద్రవాలలో, అంటే గది వేడిలోనే ద్రవంగా ఉండే లవణాలలో, 70 మిల్లీవోల్టులు తేడాగా వచ్చిందని మీరు రాశారు, కొలతలన్నీ వెండి తీగను రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌గా, అంటే పొటెన్షియల్ మారని కొలబద్దగా పెట్టుకుని, దానితో పోల్చి తీసుకున్నామని కూడా రాశారు, మరి రెండు నెలల పాటు ఆ తీగ ఒకే పొటెన్షియల్ దగ్గర నిలిచిందనడానికి మీ దగ్గర ఆధారం ఏమిటి అని.

ఆధారం ఏదీ లేదు. మా ల్యాబులో నాకంటే ముందు చేరినవాళ్లందరూ అయానిక్ ద్రవంలో వెండి తీగను నేరుగా ముంచి కొలిచారు, నేనూ అదే చేశాను. మామూలు సిల్వర్ సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ను చేరిన కొత్తలో ఒకసారి వాడి చూశాను. దాని లోపలి పొటాషియం క్లోరైడ్ నీళ్లు కొసనున్న ఫ్రిట్ (సన్నని రంధ్రాల గాజుబిళ్ల) గుండా కొద్దికొద్దిగా ద్రవంలోకి దిగి, ఋణ పొటెన్షియల్ వైపు నీటి క్షయకరణ కరెంటు పెరిగిపోయి, వాడుకోగల పొటెన్షియల్ పరిధి కళ్లముందే కుంచించుకుపోయింది. ఆ తరువాత దాని జోలికి పోలేదు. వెండి తీగలో నీళ్లు ఉండవు కదా అన్నంతవరకే ఆలోచించాను. తీగ చుట్టూ తెలిసిన గాఢతలో వెండి అయాన్లు లేనప్పుడు దాని పొటెన్షియల్‌ను నిర్ణయించేది ఆ రోజు ద్రవంలో ఉన్న మలినాలేనన్న మాట చదివి ఉండి కూడా, పరీక్షలో రాయడానికి తప్ప పనికి వస్తుందని అనుకోలేదు.

మా గైడు సార్ కోప్పడలేదు. "తీగ కదిలిందో లేదో నువ్వే చూడమ్మా, ఫెర్రోసీన్ వేసి మూడు రోజులు వరసగా తియ్యి" అన్నారు. నీరు కాని ద్రావణులలో పొటెన్షియల్‌ను ఫెర్రోసీన్ (ఎలక్ట్రాన్‌ను సులువుగా ఇచ్చి తిరిగి తీసుకునే ఇనుము సమ్మేళనం) జంటతో పోల్చి చెప్పమని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘమైన ఐయూపాక్ 1984లోనే, అంటే నేను పుట్టకముందే, సిఫారసు చేసింది. ఇంత పాత మాటను మా ల్యాబులో ఎవరమూ పట్టించుకోలేదన్నది నన్ను ఇప్పటికీ చిరాకు పెడుతుంది.

ఒకే తీగ, ఒకే ద్రవం, ఒకే సెల్, అంటే కొలత పాత్ర. పొటెన్షియల్‌ను పైకీ కిందికీ మారుస్తూ కరెంటును గీస్తే వచ్చే ఫెర్రోసీన్ రెండు శిఖరాల మధ్యబిందువు మొదటి రోజు 0.31 వోల్టులు, రెండో రోజు 0.24, మూడో రోజు గరుకు కాగితంతో తీగను రుద్ది కడిగి పెట్టిన తరువాత 0.37. మేము ఒక కొత్త సంగతిగా ప్రకటించిన తేడా 70 మిల్లీవోల్టులైతే, మా తీగ ఏ కారణమూ చెప్పకుండా 130 మిల్లీవోల్టులు ఊగింది. ఆ సాయంత్రం హాస్టలుకు పోకుండా పెన్నా వంతెన దాకా నడిచి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి వచ్చాను. మరుసటి రోజు వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు రాశాము.

చేయవలసినది ఏమిటో పుస్తకాలలో స్పష్టంగానే ఉంది. కొలవబోయే రకం అయానిక్ ద్రవంలోనే 10 మిల్లీమోలార్ సిల్వర్ ట్రైఫ్లేట్ కరిగించి, ఆ ద్రావణాన్ని సన్నని గాజు గొట్టంలో పోసి, అందులో వెండి తీగ దించి, గొట్టం కొసకు రంధ్రాలున్న గాజు ఫ్రిట్ బిగించాలి. తయారుగా దొరికే కిట్లు అసిటోనైట్రైల్‌తో నింపుకోవడానికి ఉద్దేశించినవి, ఆ ద్రావణి ఆవిరై పోతుంది, మన ద్రవంలోకి కారుతుంది కూడా. అందుకని విడిభాగాలు తెప్పించి మేమే కట్టుకుందామని నిర్ణయించుకున్నాము.

మే 9న ఇండెంటు, అంటే కొనుగోలు అభ్యర్థన, పెట్టాను. మూడు కొటేషన్లు, వాటి మీద సంతకాలు, ఒక కొటేషన్‌లో పన్ను శాతం తప్పు పడినందుకు మళ్లీ మొదటి నుంచి సంతకాలు. మా రెండు అయానిక్ ద్రవాలలో ఒకటైన పిరోలిడినియం టీఎఫ్‌ఎస్‌ఐ పసుపు రంగుకు తిరిగింది కాబట్టి కొత్తది 10 గ్రాములు, పన్నుతో కలిపి ₹11,800. సిల్వర్ ట్రైఫ్లేట్ 1 గ్రాము ₹3,900. ఫ్రిట్లూ, వాటిని గొట్టానికి బిగించే టెఫ్లాన్ హీట్ ష్రింక్ గొట్టాలూ ₹6,700. అన్నీ చేతికి వచ్చేసరికి జూలై 21 అయింది. పది వారాలకు పైగా. మొదటిసారి ఇండెంటు పెట్టేవారు ద్రవాన్ని లెక్క వేసుకుని మరీ అడగాలి. 10 గ్రాములంటే వినడానికి ఎక్కువే, ఆ ద్రవం నీటికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి సీసాలో ఉండేది 7 మిల్లీలీటర్లు మాత్రమే. ఒక్కో ఎలక్ట్రోడ్‌కు 1 మిల్లీలీటరు పోతే సెల్‌కు మిగిలేది చెంచాడు.

వెండి తీగ మాత్రం చిన్నబజారులో దొరికింది. సామాను కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, మే నెలాఖరున, ఒక ఆచారి దుకాణానికి వెళ్లి 1 మిల్లీమీటరు మందం తీగ కావాలని అడిగాను. ఆయన చుట్ట చుట్టి ఉన్న తీగ ఒకటి తీసి, ఇవ్వబోయి ఆగి, "ఎందుకమ్మాయ్, పట్టీలకా?" అన్నాడు. రసాయన పరీక్షకు అని చెప్పాను. "అయితే ఇది వద్దు, ఇందులో రాగి కలిసుంది. రాగి లేకపోతే పట్టీ నిలవదు, నీకు నిలిచేది వద్దు కదా, సుద్ధమైంది కావాల" అని, కడ్డీ వెండిలోంచి చిన్న ముక్క తుంచి, కుంపటిలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, కొస సన్నగా సాగగొట్టి కమ్మచ్చులో పెట్టాడు. పెద్ద కన్నం నుంచి చిన్న కన్నానికి, అక్కడి నుంచి ఇంకా చిన్న కన్నానికి, పట్టకారుతో కొసను పట్టి లాగుతుంటే, ప్రతిసారీ తీగ కొంచెం పొడవై కొంచెం గట్టిపడేది, గట్టిపడినప్పుడల్లా మళ్లీ నిప్పుల మీదికి వెళ్లేది. ముప్పావు గంటలో 30 సెంటీమీటర్ల తీగ చేతిలో పెట్టాడు. రెండున్నర గ్రాముల వెండి, కూలి కలిపి ₹290. కమ్మచ్చులో తీసిన తీగకు నూనె అంటి ఉంటుంది, దానిని అసిటోన్‌తో తుడిచి, సన్న గరుకు కాగితంతో రుద్ది, పలుచని నైట్రిక్ ఆమ్లంలో కొన్ని సెకన్లు ముంచి, నీళ్లతో కడిగి ఆరబెట్టాక గాని వాడలేదు. రాగి సంగతి ఆయన చెప్పకపోతే నేను అడిగి ఉండేదాన్ని కాదు.

జూలై ఆఖరి వారమంతా ఫ్రిట్ బిగించడానికే పోయింది. టెఫ్లాన్ గొట్టం ముడుచుకోవాలంటే 340 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. హాస్టలులోని హెయిర్ డ్రయర్‌తో గంటసేపు ఊదినా అది వెచ్చబడింది తప్ప ముడుచుకోలేదు. కొవ్వొత్తి మంట పెడితే ఒక పక్క నల్లబడి మరో పక్క అలాగే ఉండిపోయింది, ఒక ఫ్రిట్ పగిలింది. చివరికి ట్రంకు రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి వెళ్లాను. చిప్పులు ఊడదీయడానికి వాళ్లు వాడే వేడిగాలి యంత్రంలో ఉష్ణోగ్రతను అంకెలలో పెట్టుకోవచ్చు. "ఇది ఏ మోడల్ పార్టు అక్కా?" అని అడుగుతూనే 350 దగ్గర పెట్టి, గొట్టాన్ని చుట్టూ తిప్పుతూ నిమిషంలో ముడిచి ఇచ్చాడు. ₹50 తీసుకున్నాడు. వేడి ఎక్కువైతే టెఫ్లాన్ నుంచి విషవాయువులు వస్తాయి కాబట్టి 350 మించకుండా చూసుకున్నాను, దుకాణం తలుపు తెరిపించి ఫ్యాను వేయించాను.

తరువాతి చిక్కు తూకం. 2 మిల్లీలీటర్లకు 5.14 మిల్లీగ్రాముల సిల్వర్ ట్రైఫ్లేట్ కావాలి. తడిగాలికి అది కాగితం మీదే చెమర్చి అంటుకుపోతుంది, అందులోనూ మన తీరపు గాలి. మొదటిసారి కాగితం మీద తూచి సగం పారబోసుకున్నాను. రెండోసారి మూత ఉన్న చిన్న సీసాను ముందు తూచి, ఆర్గాన్ నింపిన సంచిలో పొడి వేసి మూత పెట్టి, మళ్లీ తూచాను. 5.2 వచ్చింది. ఈ ఒక్క శాతం తేడా పొటెన్షియల్‌లో అర మిల్లీవోల్టు కూడా కాదని లెక్కగట్టుకున్నాక, తూకం గురించి పోగొట్టుకున్న నిద్ర అనవసరమని తెలిసింది. ద్రవం చిక్కదనం వల్ల ఆ కాస్త పొడి కరగడానికి చీకటిలో ఒక రాత్రంతా కలియబెట్టవలసి వచ్చింది.

ఆగస్టు 2న ఎలక్ట్రోడ్‌ను సెల్‌లో పెట్టి, పొటెన్షియల్‌ను మారుస్తూ కరెంటును కొలిచే పొటెన్షియోస్టాట్‌ను ఆన్ చేస్తే తెర మీద గీత కాదు, పిచ్చిగీతలు వచ్చాయి, ఓవర్‌లోడ్ దీపం ఎర్రగా వెలిగింది. తీగలన్నీ విప్పి మళ్లీ తగిలించాను. పరికరమే చెడిపోయిందని రెండు రోజులు నమ్మాను. అసలు సంగతి, ఫ్రిట్ రంధ్రాలలోకి ద్రవం ఇంకా దిగలేదు. అసిటోనైట్రైల్ అయితే నిమిషాలలో పీల్చుకునే ఆ గాజు, ఇంత చిక్కని ద్రవాన్ని పీల్చుకోవడానికి రెండు రోజులు తీసుకుంది, అదీ కొసను ద్రవంలో ముంచి వాక్యూమ్ పెట్టి లోపలి గాలిని మూడు నాలుగు సార్లు లాగిన తరువాత. దానికి తోడు ఫ్రిట్ పైన, గొట్టం లోపల, కంటికి ఆనీ ఆనని గాలిబుడగ ఒకటి కూర్చుంది. గోటితో తట్టితే పైకి లేచింది, గీత శాంతించింది. మిగిలిన గరగర తగ్గడానికి సెల్‌ను ఎర్త్ చేసిన లోహపు పెట్టెలో ఉంచాలి. కొనడానికి మరో ఇండెంటు పెట్టే ఓపిక లేక, కావలి వెళ్లినప్పుడు ఇంట్లోంచి పాత బియ్యపు రేకు డబ్బా తెచ్చుకున్నాను. "మొలగొలుకులు పోసుకునే డబ్బా అది అమ్మాయ్, అందులో ఏం కాస్తావు?" అని అమ్మ నవ్వింది. దానికి రెండు కన్నాలు పొడిచి ఎర్త్ తీగ తగిలిస్తే గరగర దాదాపు పోయింది.

ఆగస్టు 11, శుక్రవారం. ఫెర్రోసీన్ మధ్యబిందువు మైనస్ 0.39 వోల్టుల దగ్గర వచ్చింది. నేను తీగలు తిరగేసి కలిపానేమోనని గాభరా పడ్డాను, ఎందుకంటే అసిటోనైట్రైల్‌లో ఇలాంటి వెండి ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే ఫెర్రోసీన్ సున్నాకు కొంచెం ధనాత్మకం వైపు వస్తుంది. అసిటోనైట్రైల్ వెండి అయాన్లను గట్టిగా పట్టుకుంటుంది. మా ద్రవంలోని టీఎఫ్‌ఎస్‌ఐ అయాను అంత గట్టిగా పట్టుకోదు, కాబట్టి వెండి జంటే ధనాత్మకం వైపు జరిగి, ఫెర్రోసీన్ దానికి కింద పడినట్లు కనిపిస్తుంది. సార్ ఈ మాట చెప్పి, తీగలు సరిగానే ఉన్నాయని చూసి, టీ తెప్పించారు. ఆయన తన డబ్బుతో టీ తెప్పించడం నేను చూసిన మొదటిసారి అదే.

అప్పటి నుంచి రోజూ ఉదయం పది గంటలకు ఒకే విధంగా కట్టిన రెండు ఎలక్ట్రోడ్లను ఒకే ద్రవంలో ముంచి మల్టీమీటరుతో వాటి మధ్య తేడాను నోటుపుస్తకంలో రాశాను. ఒకటి కొలతలకు, రెండవది ఎప్పుడూ సెల్ ముఖం చూడకుండా పోల్చి చూడటానికి మాత్రమే. మొదటి రోజు తేడా 1.2 మిల్లీవోల్టులు. మూడు వారాలలో 3 దాటలేదు. సెప్టెంబరు మొదటి వారంలో ల్యాబుకు సున్నం వేస్తున్నారని సామాను మార్చినప్పుడు ఎవరో ఒక ఎలక్ట్రోడ్‌కు వెలుతురు తగలకుండా చుట్టిన అల్యూమినియం రేకు తొడుగు తీసివేశారు. మూడు రోజులు కిటికీ వెలుగులో ఉన్న ఆ గొట్టంలో ద్రావణం లేత తేనె రంగుకు తిరిగింది, తేడా 14కు పెరిగింది. వెలుతురుకు వెండి అయాన్లు లోహపు రేణువులుగా మారుతున్నాయన్న మాట. కొత్తది కట్టాను. అది మూడో నంబరు.

ఫెర్రోసీన్‌తోనూ చికాకులు ఉన్నాయి. అది ఈ ద్రవంలో నెమ్మదిగా కరుగుతుంది. తొందరపడి ఒక చుక్క అసిటోనైట్రైల్‌లో కరిగించి పోసి వాక్యూమ్‌లో ఆ చుక్కను తీసేద్దామంటే ఫెర్రోసీన్ కూడా కొంత ఎగిరిపోతుంది. ఆర్గాన్ బుడగలు పోనిస్తున్నకొద్దీ శిఖరాల ఎత్తు తగ్గుతుంది, అయితే వాటి స్థానం మారదు, మనకు కావలసింది స్థానమే. అందుకని ఆర్గాన్‌ను ముందే ఒక గంట పోనిచ్చి, కొలిచేటప్పుడు ద్రవం పైన మాత్రమే ఉంచాను. కరెంటు కూడా చాలా చిన్నది, ఇంత చిక్కని ద్రవంలో ఫెర్రోసీన్ అసిటోనైట్రైల్‌లో కంటే సుమారు నూరు రెట్లు నెమ్మదిగా కదులుతుంది. రిఫరెన్స్ కొసను పనిచేసే ఎలక్ట్రోడ్‌కు దూరంగా పెట్టిన రోజు శిఖరాల మధ్య దూరం 110 మిల్లీవోల్టులు, దగ్గరగా జరిపితే 72.

ద్రవంలోని తేమ ఎంతో తెలుసుకోవడానికి అక్టోబరులో రెండు నమూనాలు తీసుకుని చెన్నై వెళ్లాను, మా దగ్గర కార్ల్ ఫిషర్ పరికరం లేదు. నమూనాకు ₹1,500. వాక్యూమ్‌లో 70 డిగ్రీల దగ్గర 48 గంటలు ఆరబెట్టి ఆర్గాన్ కింద మూసిన నమూనాలో 62 పీపీఎం (పది లక్షల భాగాలకు 62 భాగాలు) నీరు. అదే ద్రవాన్ని రెండు గంటలు బల్ల మీద మూత తీసి ఉంచిన నమూనాలో 480. నీటితో కలవని ద్రవమంటే నీటిని పీల్చని ద్రవమని అంతవరకు అనుకునేదాన్ని.

డిసెంబరు 2, శనివారం సాయంత్రం, సోమవారం నుంచి అసలు కొలతలు మొదలుపెట్టాలని మిగిలిన ద్రవమంతా వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టి గదికి వెళ్లాను. మిచాంగ్ తుఫాను వస్తుందని టీవీలో చెబుతూనే ఉన్నారు. ఆదివారం, సోమవారం కురిసిన వానకు వీధులు నీళ్లతో నిండాయి, కరెంటు పోయింది, 5వ తేదీన తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 7వ తేదీన ల్యాబు తలుపు తీశాను. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు, నేను వాల్వు మూసి వెళ్లలేదు కాబట్టి, ఓవెన్‌లోని వాక్యూమ్ పంపులోని నూనెను గొట్టం గుండా వెనక్కి లాగేసింది. నా ద్రవం మీద గోధుమరంగు నూనె తెట్టు తేలుతోంది. అటెండరు అన్న గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ, "ఎంత పోయిందమ్మా?" అన్నాడు. ఎనిమిది వేలు అన్నాను. ఆయన తుడవడం ఆపి కాసేపు ఆ పాత్రవైపే చూశాడు. తప్పు పూర్తిగా నాది. వాల్వు మూయడానికి పట్టేది రెండు సెకన్లు.

ఒంగోలులో పనిచేస్తున్న నా ఎమ్మెస్సీ స్నేహితురాలు తన వాటాలోంచి 4 గ్రాములు ఇచ్చింది. క్రిస్మస్ సెలవులలో బస్సులో వెళ్లి తెచ్చుకున్నాను, సీసాను ఒళ్లో పెట్టుకుని.

2024 జనవరిలో మూడు వారాలు కొలిచాను. పిరోలిడినియం నింపిన ఎలక్ట్రోడ్‌ను మా రెండో ద్రవమైన ఇమిడజోలియంలో ముంచినప్పుడు రెండు ద్రవాలు కలిసే చోట కొంత పొటెన్షియల్ ఏర్పడుతుంది, అది ఎంతో విడిగా కొలవలేము. కాబట్టి ఎలక్ట్రోడ్ ఎంత నిలకడగా ఉన్నా ప్రతి ద్రవంలోనూ, ప్రతి ప్రయోగం చివరా ఫెర్రోసీన్ వేసి, దానితో పోల్చే అంకెలు రాసుకున్నాను. 70 మిల్లీవోల్టుల తేడా 11 అయింది. గీతలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన ఆ రాత్రి ఏడుపు రాలేదు. ఏప్రిల్‌లో వెనక్కి తీసుకోకపోయి ఉంటే అచ్చయిపోయి ఉండేదన్న భయం మాత్రం వెన్నులో కాసేపు నిలిచింది.

ఆ 11 మిల్లీవోల్టుల చిన్న తేడాతోనే, పేరు మార్చి, వ్యాసాన్ని ఫిబ్రవరి మొదటి వారంలో మరో పత్రికకు పంపాము. పది రోజులకే ప్రశ్న వచ్చింది. ఫెర్రోసీన్ పొటెన్షియల్ మాత్రం రెండు ద్రవాలలోనూ ఒకటేనని ఎలా అనుకున్నారు అని. ఈసారి నవ్వు వచ్చింది. అది అనుకోవడమే, సూటిగా రుజువు చేయడానికి వీలులేదు. అయితే కోబాల్టోసీనియం లవణం ఒకటి మా దగ్గర ఉంది. దానికీ ఫెర్రోసీన్‌కూ మధ్య దూరం సుమారు 1.33 వోల్టులు ఉంటుందని తెలిసినదే. కొలిస్తే పిరోలిడినియంలో 1.336, ఇమిడజోలియంలో 1.331 వచ్చాయి. రెండు కొలబద్దలూ ఒకదానితో ఒకటి 5 మిల్లీవోల్టులలో ఏకీభవిస్తున్నాయని, అంతకంటే సన్నని మాట మేము చెప్పడం లేదని రాసి, ఫిబ్రవరి 20న జవాబు పంపాము. ఇంకా ఏమీ తేలలేదు.

నాలుగో నంబరు ఎలక్ట్రోడ్ ఇప్పుడు నల్లరంగు వేసిన సీసాలో, కొస ద్రవంలో మునిగి ఉంది. ఈ ఉదయం తేడా 0.8 మిల్లీవోల్టులు. మొన్న చేరిన జూనియర్ అమ్మాయి తనకూ ఒకటి కావాలంది. తీగ అయిపోయింది, శనివారం ఆమెను తీసుకుని చిన్నబజారుకు వెళ్లాలి.